విన్న గడియ

గీతాంజలిది కోదాడ. ఆమె భర్త పృథ్వీది మిర్యాలగూడ. పెళ్లయ్యాక ఇద్దరూ ఊళ్లు మార్చుకున్నారు. పృథ్వీ కోదాడలో ఇంజనీరింగ్ చదువుతూ కాలేజీ హాస్టల్లో ఉంటాడు. అత్తగారిల్లు అక్కడికి ఆటోలో పది నిమిషాలు. అయినా అల్లుడు అత్తగారింట్లో తిని కూర్చుని చదువుకుంటే బాగుండదు కాబట్టి అక్కడ ఉండడు. గీతాంజలి డిగ్రీ సూర్యాపేటలో. పెళ్లికి ముందు ఆమె అక్కడే హాస్టల్లో ఉండేది. కోడలు హాస్టల్లో ఉంటే బాగుండదు కాబట్టి ఇప్పుడు మిర్యాలగూడలో అత్తగారింటి నుంచి రోజూ బస్సులో వెళ్లి వస్తుంది. రానూ పోనూ మూడు గంటలు. శనివారం సాయంత్రం పృథ్వీ సంచినిండా మాసిన బట్టలతో దిగుతాడు, సోమవారం పొద్దున ఉతికిన బట్టలతో బస్సెక్కుతాడు. ఏడాదిన్నరగా వాళ్ల కాపురం ఇదే.

చదువులు కాకముందే పెళ్లెందుకు చేశారంటే, పృథ్వీ నాయనమ్మ పోయింది కాబట్టి. ఇంట్లో పెద్దవాళ్లు పోతే ఏడాది తిరిగేలోపు ఒక శుభకార్యం చేయాలి, లేకపోతే మూడేళ్లు ఆగాలి. పృథ్వీ అక్క పెళ్లి అప్పటికే అయిపోయింది. ఇంట్లో పెళ్లికి మిగిలింది ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న పృథ్వీ ఒక్కడే. పెళ్లిచూపుల్లో మామగారు రామ్మూర్తి, "చదువుకు ఏం పరేషాన్ లేదు, మా పిల్లగాడు సదువుతలేడా? ఇద్దరు సదువుకుంటరు," అన్నాడు. మాట తప్పలేదు. చదవొద్దని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు.

కాలేజీలో మాత్రం గీతాంజలి పేరు మారిపోయింది. హాస్టల్లో ఆమెతోపాటు ఒకే గదిలో ఉన్న సింధూజ, త్రిపురారం రైతుబిడ్డ, నోరు పెద్దది, పెళ్లయ్యాక మొదటిరోజే మెట్టెలు చూసి, "అత్తమ్మ వచ్చింది, జరుగుండ్రే," అని బెంచీ మీద చోటిచ్చింది. ఆ పేరే నిలిచిపోయింది. ల్యాబ్‌లో పరీక్షనాళిక పగిలినా, "అత్తమ్మా, ఇటు చూడకు, గాజు గుచ్చుకుంటది," అనేవారు. గీతాంజలి నవ్వేది. మొదట్లో ఆ నవ్వు వెనక కొంచెం ఉడుకుమోత్తనం ఉండేది. తర్వాత అదీ పోయింది.

శ్రావణమాసంలో నాలుగు మంగళవారాలు నోము, నాలుగు శుక్రవారాలు పూజ. కొత్త కోడలు నోము ఐదేళ్లు పట్టాలి. ఆ నెలలో హాజరు తగ్గింది. ఆఫీసులో గుమాస్తా రిజిస్టర్ చూసి, "నోము అని రాస్తే ఒప్పుకోరమ్మా. టైఫాయిడ్ అని కాగితం తెచ్చుకో," అన్నాడు. రామ్మూర్తి తెలిసిన డాక్టర్‌తో రాయించి తెచ్చాడు. గౌరీదేవికి తొమ్మిది పోగుల తోరం కట్టుకున్న రోజుల్లో గీతాంజలి కాలేజీ లెక్కల్లో జ్వరంతో పడుకుని ఉంది. ఆ కాగితం చూసి సింధూజ గంటసేపు నవ్వింది.

"టైఫాయిడ్ తగ్గిందా అత్తమ్మా? శనగలు పెట్టలేదేం మాకు?"

ఎప్పటి నుంచో చెప్పలేం గానీ, గీతాంజలికి ఏదీ గట్టిగా అనిపించడం మానేసింది. సంతోషమూ అంతే, కోపమూ అంతే. తిమ్మిరెక్కిన కాలు తనదే అని తెలుస్తుంది, గిల్లితే మాత్రం తెలియదు. అలా ఉండేది మనసు. పొద్దున నాలుగున్నరకు లేచి వాకిలి ఊడ్చి, టిఫిన్ చేసి, ఏడుగంటల బస్సు. సాయంత్రం వచ్చి వంట. బస్సులో చదివిందే చదువు. కిటికీ పక్కన కూర్చుని పుస్తకం తెరిస్తే కండక్టర్ మల్సూర్ టికెట్ అడగకుండా దాటిపోయేవాడు. పాస్ చూపించనవసరం లేనంతగా మొహం తెలిసిపోయింది.

అత్త ప్రేమలత చెడ్డమనిషి కాదు. కానీ ఇంట్లో ఏ డబ్బాలో ఎంత పప్పుందో, ఏ గదిలో ఎవరు ఎన్నింటికి లేచారో ఆమెకు తెలియకుండా జరగకూడదు. "నాకు తెల్వకుంట ఈ ఇంట్ల తలుపు కూడ చప్పుడు చెయ్యది," అని వచ్చినవాళ్లకు చెప్పుకునేది. బజారులో ఆమెకు ఇంకో పేరుంది. ఎవరింట్లో పెళ్లి పనులు మొదలుపెట్టినా పసుపు దంచడానికి మొదటి రోకలి ప్రేమలతే పట్టాలి. ఆమె చెయ్యి మంచిదని పేరు. ఆ వీధిలో పాతిక పెళ్లిళ్లకు ఆమె దంచిన పసుపే.

ఆరో సెమిస్టర్ పరీక్షలు మొదలయ్యే ముందు ప్రేమలత ఒక మాట చెప్పింది. కోపంగా కాదు, బియ్యం ఏరుతూ మామూలుగా చెప్పింది.

"పాసైతవో ఫెయిలైతవో నీ ఇష్టం గీతా. ఈ ఎండకాలంతోని బస్సు ఖతం. పృథ్వీగాడు కూడ వచ్చేస్తడు. ఇగ మీ ఇద్దరు ఇల్లు సూస్కోవాలె."

అంటే ఒక్క పరీక్ష తప్పినా డిగ్రీ అక్కడితో ఆగినట్టే. తప్పిన పేపరు మళ్లీ పెట్టేది వచ్చే ఎండాకాలంలో. అప్పటికి బస్సు ఉండదు. గీతాంజలి "సరే అత్తయ్యా" అంది. నాలుగు పేపర్లు రాసింది. రెండు మిగిలాయి. గురువారం కెమిస్ట్రీ, శనివారం జువాలజీ.

గురువారం పొద్దున ఆరు కాలేదు. ప్రేమలత తలస్నానానికి వెళ్లింది. ఆ రోజు ఏడు ఇరవైకి ఎదురింటి సరళ వాళ్లమ్మాయి పెళ్లికి పసుపు దంచే ముహూర్తం. రామ్మూర్తి ఇంట్లో లేడు. యాసంగి ధాన్యం దిగుతున్న రోజులు కాబట్టి రెండు రోజులుగా రైస్ మిల్లులోనే పడుకుంటున్నాడు. వంటింట్లో ఛార్జింగ్‌కు పెట్టిన ప్రేమలత ఫోన్ మోగింది. గీతాంజలి ఉప్మా కలుపుతూ ఎడమచేత్తో ఎత్తింది.

"అక్కా?"

"నేను గీతను చిన్నత్తయ్యా. అత్తయ్య స్నానం చేస్తున్నారు."

హాలియా నుంచి సుమిత్ర. రామ్మూర్తి బాబాయి నాగభూషణం కోడలు. ప్రేమలతకు తోడికోడలి వరస.

"మామయ్య పోయిండు బిడ్డా. నాలుగున్నరకు. నిద్రలనే పోయిండు. మీ మామకు చేస్తుంటే కలుస్తలేదు, మిల్లుల ఏమన్న ఫోన్ బందు పెట్టిండా? అక్కకు చెప్పు. పన్నెండు లోపల ఎత్తుతరు, జల్ది రమ్మను."

"చెప్తాను చిన్నత్తయ్యా."

ఫోన్ పెట్టేసింది. ఉప్మా అడుగంటుతోంది. దాన్ని తిప్పింది.

పాలివాళ్లలో, అంటే దాయాదుల్లో, చావు జరిగితే పదకొండు రోజులు మైల, వాళ్ల మాటలో ముట్టుడు. అది పోయిన గడియ నుంచి కాదు, విన్న గడియ నుంచి. వినేదాకా ఇంటికి మైల లేనట్టే. దీపం పెట్టుకోవచ్చు, గుడికి వెళ్లొచ్చు, రోకలి పట్టుకోవచ్చు. విన్నాక ఇంట్లో ఒక్క శుభం పని ముట్టకూడదు. పైగా నాగభూషణం వంశంలో మిగిలిన ఆఖరి పెద్దాయన. ఇంటి కోడళ్లందరూ వెంటనే వెళ్లి, మూడో రోజు కార్యం దాకా కదలకుండా అక్కడే ఉండాలి. మూడో రోజంటే శనివారం.

ఆ ఉదయం ఆ ఇంట్లో ఆ మాట విన్నది గీతాంజలి ఒక్కతే.

ఆమె ఏదో నిర్ణయించుకుందని చెప్పలేం. గ్యాస్ కట్టేసింది. డబ్బాలో ఉప్మా సర్దుకుంది. ప్రేమలత జరీ అంచు పసుపు పట్టుచీర కట్టుకుని వచ్చింది. "ఫోన్ ఎవలు?" అని అడిగితే చెప్పేదేమో. ప్రేమలత అడగలేదు. స్నానాల గదిలో నీళ్ల చప్పుడుకు ఆమెకు వినపడలేదు.

"గీ పూలు జర జడల పెట్టు గీతా. ఎన్కకు చెయ్యి అందుతలేదు."

గీతాంజలి మల్లెలు పెట్టింది. మైలపడిన చేతులతో పెడుతున్నానని ఆమెకు తెలుసు. పిన్ను మాత్రం ఒక్కసారికే పట్టింది.

"బాగున్నదా?"

"బాగుంది అత్తయ్యా."

"మంచిగ రాయి పో. బస్సు పోతది."

ఏడుగంటల బస్సులో మల్సూర్, "ఇయ్యాలతోని అయిపోయినట్టేనా?" అని అడిగాడు. "ఇంకొక్కటి ఉంది," అంది. పుస్తకం తెరిచింది. దారి పొడుగునా కోసిన వరిమళ్లు. కాగితం మీద ఉన్నదంతా చదివింది, చదివిందంతా గుర్తుంది. హాల్లో మూడు గంటలు ఆపకుండా రాసింది. ఒక మనిషి పోయిన సంగతి మూట కట్టుకుని వచ్చి కూర్చున్నానని మధ్యలో ఒకసారి తట్టింది. అదనపు కాగితం కోసం చెయ్యెత్తింది.

బయటికొచ్చి బ్యాగు తీసుకుంటే ఫోన్లో ప్రేమలతవి ఆరు కాల్స్, రామ్మూర్తివి రెండు. తిరిగి చేసేలోపే పృథ్వీ చేశాడు.

"గీతా, చిన్నతాత పోయిండట. తెలుసా?"

ఆమె జవాబు చెప్పేలోపే అతనే అందుకున్నాడు. "ఎట్ల తెలుస్తది లే, ఎగ్జామ్‌ల ఉన్నవు. నాయినకు ఎనిమిదిన్నరకు ఎవరో చెప్పిండ్రట. అమ్మ వాళ్లు కార్ల పోయిండ్రు. నువ్వు సీదా హాలియా పో."

"మరి నువ్వు?"

"నన్ను రావొద్దన్నది అమ్మ. ఎల్లుండి నాకు పేపర్ ఉంది కదా. పరీక్ష పోతే మళ్ల ఏడాది ఆగాలె, పదకొండో రోజుకు వస్తె సాలు అన్నది."

"ఎల్లుండి నాకూ ఉంది."

పృథ్వీ మంచివాడు. అవతల ఎవరో హాస్టల్ మెట్ల మీద బకెట్ ఈడ్చుకుంటూ వెళ్లడం వినిపించింది.

"నేను అమ్మతోని మాట్లాడాల్నా?"

"వద్దులే. మీరు చదువుకోండి," అంది గీతాంజలి. ఫోన్లో ఎప్పుడూ 'నువ్వు' అనేది, ఆ పూట ఎందుకో పెద్దవాళ్ల ముందు పిలిచినట్టు 'మీరు' వచ్చింది.

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ, అక్కడ బస్సు మారి త్రిపురారం మీదుగా హాలియా. చేరేసరికి ఐదు దాటింది. దహనం అయిపోయింది. మగవాళ్లు పందిరి కింద కుర్చీల్లో ఉన్నారు. ఆడవాళ్లు లోపలి వాకిట్లో చాపల మీద కూర్చున్నారు. ప్రేమలత మధ్యలో, సుమిత్ర పక్కన ఉంది. జడలో పూలు లేవు. పొద్దుటి పట్టుచీర పోయి మామూలు నూలుచీర వచ్చింది.

గీతాంజలి భుజానికి బ్యాగుతో గుమ్మంలోకి వచ్చిన సమయానికే సుమిత్ర ఆ మాట తీసింది. నిష్ఠూరం తప్ప అందులో ఇంకేం లేదు.

"అది కాదక్కా, పొద్దుగాల ఆరు కాకముందే చెప్పిన గదా. పదిన్నర దాక మీ జాడ లేదు. కడసారి మొగం సూస్తరో లేదోనని పాణం కొట్టుకున్నది నాకు."

"ఎవలికి చెప్పినవ్?" అంది ప్రేమలత.

"నీ కోడలికే. నీ ఫోన్ ఆమెనే ఎత్తింది. అత్తయ్య తానం చేస్తున్నరు, చెప్తా అన్నది. గదో, వచ్చింది, అడుగు."

ఇరవై తలకాయలు గుమ్మం వైపు తిరిగాయి. ప్రేమలత కూడా చూసింది. గీతాంజలి కళ్లు దించుకోలేదు. అది ధైర్యం కాదు, దించుకోవాలని తోచలేదంతే. 'చెప్పలేదు, నేనే దాచాను' అనే మూడు మాటలు నోట్లో సిద్ధంగానే ఉన్నాయి. అవి ఎవరివో అన్నట్టు అక్కడే ఉండిపోయాయి.

అప్పుడు ప్రేమలత అంది. "ఆఁ, చెప్పింది. చెప్పకేం? దానికి పరీక్ష ఉండె. నేనే పొమ్మన్న."

తన ఇంట్లో తనకు తెలియకుండా ఒక చావు కబురు ఇరవై గజాల దూరంలో అణిగి ఉందని అంతమంది ముందు ఒప్పుకోవడం ఆమె వల్ల కాలేదు. నోరు తనంతట తానే ఆ మాట అనేసింది. దాని వెనక ఏమొస్తుందో చూసుకోలేదు. అది చూసింది ఇంకొకావిడ. మిర్యాలగూడ నుంచి వచ్చిన చుట్టం, పొద్దున సరళ వాళ్లింట్లో కూడా ఉన్న మనిషి.

"మరి విన్నంక గూడ సరళవాళ్లింట్ల రోకలి పట్టినవా ఒదినా?"

సుమిత్ర నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ప్రేమలత ఒళ్లో చేతులు రెండూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పై చెయ్యి కింది చేతిని గట్టిగా పట్టుకుంది. గోళ్ల సందుల్లో పసుపు ఇంకా పోలేదు. వినలేదంటే కోడలు దొంగ అవుతుంది, తన ఇల్లు నవ్వులపాలవుతుంది. విన్నానంటే ముట్టుడుతో పెళ్లిపసుపు ముట్టిన మనిషి అవుతుంది. మొదటిది ఇప్పుడే కాదనేసింది. ఇక రెండోదే మిగిలింది.

"ముహూర్తం దాటిపోతదని పట్టిన," అంది చివరికి, ఎవరి మొహమూ చూడకుండా.

"అయ్యో అక్కా!" అంది సుమిత్ర. ఒక ముసలావిడ నెమ్మదిగా చాప అంచుకు జరిగింది. ఇంకెవరో, "ఆ పిల్ల పెళ్లి ఎన్నడు?" అని అడిగారు. "వచ్చే బుధవారం," అని ఎవరో చెప్పారు. ఆ తర్వాత మాటలు పోయినాయన మీదికి మళ్లాయి, ఆయన ఏడో క్లాసులో సైకిల్ మీద సాగర్ కట్ట దాకా పోయిన సంగతి మీదికి. గీతాంజలి చెప్పులు విడిచి, బ్యాగు గోడకు ఆనించి, ఆడవాళ్ల వెనక కూర్చుంది. ఇప్పుడైనా లేచి నిజం చెప్పొచ్చు. చెబితే అత్త ఆ నింద నుంచి బయటపడుతుంది. చెబితే శనివారం పరీక్ష ఇక లేదు. రెండూ ఆమెకు స్పష్టంగానే తెలుసు. తెలిసి కూర్చుంది.

దీపాలు పెట్టే వేళకు ప్రేమలత సామాన్ల గదిలోకి పిలిచింది. బియ్యం బస్తాల మధ్య నిలబడటానికి కొంచెం జాగా ఉంది. తిడుతుందనుకుంది గీతాంజలి. కొట్టినా కొట్టొచ్చనుకుంది. ప్రేమలత గొంతు తగ్గించి అడిగింది.

"ఎల్లుండి పరీక్ష ఎన్ని గంటలకు?"

"పదికి అత్తయ్యా."

"ఈడికెల్లి మొదటి బస్సు ఎప్పుడు?"

"తెలీదు."

"కనుక్కో. పోయి రాసి రా."

గీతాంజలి ఆమె మొహం చూసింది. అందులో ఏమీ దొరకలేదు.

"నీ మీద ప్రేమతోని, పావురంతోని కాదు," అంది ప్రేమలత. "నేనే పంపిన అని అందరి ముందట అన్న. ఎల్లుండి నిన్ను ఆపితే, గా మాట అబద్ధమని ప్రతొక్కలకు సమజైతది. ఒక పరీక్షకు పంపినామె రెండోదానికి ఎందుకు పంపది అంటరు. అందుకు పో."

"అత్తయ్యా, నేను..."

"మాట్లాడకు. నాకు ఒక్క మాట కూడ చెప్పకు. వింటె నాకు తెలిసినట్టయితది."

శుక్రవారం మధ్యాహ్నం సరళ ఫోన్ చేసింది. ప్రేమలత పెరట్లోకి వెళ్లి మాట్లాడింది. గీతాంజలికి ఒకవైపు మాటలే వినిపించాయి. "ఔ సరళా... గా పసుపు పారపోసిన్రా... మంచి పని చేసిన్రు. ఎవలు పట్టిన్రు మళ్ల? ... ఆమె చెయ్యి గూడ మంచిదే. లేదు లేదు, నాకెందుకు కోపం? ... లేదు, పెళ్లికి ఎట్ల వస్త, ముట్టుడు ఉన్నది గద." ఫోన్ పెట్టేశాక చాలాసేపు పెరట్లోనే నిలబడింది. అరటిచెట్టు ఎండుటాకు ఒకటి లాగి, చింపి, సన్నని పీలికలు చేసి పారేసింది. గీతాంజలి బావి దగ్గర గిన్నెలు తోముతూ చూసింది. ఏడుపు రావాలి కదా అనుకుంది. కాసేపు చూసింది, వస్తుందేమోనని. గిన్నెలు అయిపోయాయి.

శనివారం తెల్లవారకముందే లేచింది. ఆ ఇంట్లో అప్పటికే కార్యం హడావుడి. సుమిత్ర కాఫీ గ్లాసుతో ఎదురొచ్చి, బ్యాగు చూసి ఆగింది.

"ఎటు బిడ్డా? ఇయ్యాల మూడొద్దులు గద!"

వెనక నుంచి ప్రేమలత గొంతు వచ్చింది. కావాలనే అంత గట్టిగా అందేమో, పందిరి కిందివాళ్లు కూడా విన్నారు.

"పరీక్షకు పోతుంది. నేనే పంపుతున్న."

"ఔనా? మరి కార్యం అక్కా..."

"పరీక్ష మళ్ల ఏడాదికి గాని రాదట. చిన్నమామ ఉంటె ఆయన గూడ పొమ్మనేటోడే. ఆయనకు సదువంటే ఇష్టం ఉండె."

ఆయనకు చదువంటే ఇష్టమో కాదో అక్కడ ఎవరికీ తెలియదు. సుమిత్ర తల ఊపి, చేతిలో గ్లాసు గీతాంజలికి ఇచ్చేసింది. గీతాంజలి రెండు గుక్కల్లో తాగి, ఐదున్నర బస్సెక్కింది. ఎక్కుతూ వెనక్కి చూస్తే మామగారు రామ్మూర్తి పందిరి గుంజ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయనకు ఏ మాట చేరిందో, ఏది చేరలేదో తెలియదు. చెయ్యి కొంచెం పైకెత్తాడు. వెళ్లిరా అన్నట్టూ ఉంది, ఈగను తోలినట్టూ ఉంది.

పరీక్ష హాల్లో మొదటి అరగంట ఏమీ గుర్తు రాలేదు. ప్రశ్నపత్రం మీద కప్ప గుండె బొమ్మ వేసి భాగాలు గుర్తించమని ఉంది. బొమ్మ వేసింది. గుండెలో మూడు గదులు. వాటికి పేర్లు రాయాలి. పెన్ను పట్టుకుని కూర్చుంది. పక్క వరసలో సింధూజ కళ్లతోనే 'ఏమైంది' అని అడిగింది. గీతాంజలి తల అడ్డంగా ఊపింది. తర్వాత చెయ్యి దానంతట అదే కదిలింది. మిగతా పేపరంతా రాసింది. రాసింది చదువుకోలేదు. ఆఖరి గంట కొట్టేదాకా కూర్చుని ఇచ్చేసింది.

బయట అమ్మాయిలు తెల్లచొక్కాల మీద స్కెచ్‌పెన్నులతో పేర్లు రాసుకుంటున్నారు. ఎవరో రంగుపొడి చల్లుతున్నారు. సింధూజ పరిగెత్తుకొచ్చింది.

"అత్తమ్మా! అయిపోయిందే! డిగ్రీ అయిపోయింది! హాస్టల్‌కు రా, ఫోటోలు దిగుదాం. బిర్యానీ తెప్పిస్తున్నరు."

"వెళ్లాలే. ఇంట్లో కార్యం."

"ఎప్పుడూ ఏదో ఒకటి నీకు. ఒక్క గంట!"

"బస్సుంది."

సింధూజ ఆమె దుపట్టా కొంగు పట్టుకుని, ఎర్ర స్కెచ్‌తో 'అత్తమ్మ, బి.ఎస్సీ.' అని రాసి వదిలింది. గీతాంజలి నవ్వింది. బస్టాండుకు నడుస్తూ, ఆ చావు ఇంట్లోకి ఎర్ర అక్షరాలతో వెళ్లకూడదని, ఆ కొంగు లోపలికి మడిచి పిన్ను పెట్టుకుంది.

బస్సులో కూర్చున్నాక ఎదురుచూసింది. ఏదో ఒకటి అనిపిస్తుందని. ఏడాదిన్నర ఈ రోడ్డు మీద తిరిగింది దీని కోసమే. కిటికీలోంచి వేడిగాలి కొట్టింది. పృథ్వీ ఫోన్ చేసి, "నాది మంచిగనే అయింది, నీది?" అన్నాడు. "నాదీ అయింది," అంది. "ఇగ ఇద్దరం డిగ్రీవాళ్లమే పో," అని నవ్వి, "అమ్మ ఎట్లుంది?" అని అడిగాడు. "బాగానే ఉన్నారు," అంది. త్రిపురారం వచ్చేసరికి నిద్రపట్టింది.

హాలియా ఇంట్లో కార్యం ముగిసింది. చుట్టాలు సగం మంది వెళ్లిపోయారు. వాకిట్లో ఆడవాళ్లు మర్నాటి పనులు చూసుకుంటున్నారు. మధ్యలో చాప మీద సుమిత్ర, ఆమె చుట్టూ నలుగురైదుగురు ఉన్నారు. ప్రేమలత వాళ్లలో లేదు. పెరటి గుమ్మం దగ్గర, గోడవార, ఒక్కతే కూర్చుని విస్తరాకులు తుడుస్తోంది. ఎవరూ ఆమెను దూరం పెట్టినట్టు కనిపించలేదు. ఎవరూ పిలవనూ లేదు.

గీతాంజలి వెళ్లి ఎదురుగా నిలబడింది.

"రాసినవా?"

"రాశాను."

"ఇగ ఏం లేవు గదా?"

"లేవత్తయ్యా. అన్నీ అయిపోయాయి."

ప్రేమలత తల ఊపింది. ఒక ఆకు తిప్పి, ఈనె మీద తడిగుడ్డతో తుడిచి, పక్కన పెట్టింది.

"తానం చేసి రా."

గీతాంజలి బావి దగ్గర నాలుగు బకెట్లు పోసుకుని, తడితల మీద తువ్వాలు చుట్టుకుని వచ్చి, అత్త పక్కన కింద కూర్చుంది. సుమిత్ర వాళ్ల గుంపులో ఎవరో ఏదో అన్నారు, అందరూ నోళ్లు మూసుకుని నవ్వారు. తమ గురించి కాకపోవచ్చు.

"అత్తయ్యా, ఆ రోజు పొద్దున..."

"గవ్వి తుడిచినవే," అంది ప్రేమలత, గీతాంజలి చెయ్యి పోతున్న కట్ట వైపు చూపించి. "ఇటు దిక్కువి తియ్యి. తెల్లారే లోపల రెండు వందలు కావాలె."

గీతాంజలి ఇటువైపు కట్ట విప్పింది.